తెగిన చోటు తెలిసికొను విద్య

ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున కూర్చుండి అరుదైన పుస్తకముల పుటలను ఫోనుతో చిత్రించుకొను పరిశోధకుడును, పల్లెలు తిరిగి సేకరించిన పాటల ధ్వనిముద్రణములను ఆర్ట్స్ కళాశాల వసారాలో ల్యాప్‌టాప్‌లోనికి మార్చుకొన యత్నించు విద్యార్థినియు, తార్నాకలో అద్దె గదియందు పోటీ పరీక్షలకు చదువుకొనుచు ఫోనులోని నోట్సును పెద్ద తెరపై చూడగోరు యువకుడును, చదువుచేతను ఆశయముచేతను ఎంత భిన్నులైనను, ఒక చిన్న సంకటమునందు మాత్రము సమానులగుచున్నారు. ఫోనులోని యాప్ కంప్యూటరును వెదకుచుండును. కంప్యూటరు ఫోనుకొరకు ఎదురుచూచుచుండును. రెండును ఒకే బల్లపై జానెడు దూరమున ఉన్నను ఒకదానికొకటి కానరాకుండును.

అట్టి సమయమున మనలో పలువురు చేయు పని ఒక్క తీరుననే సాగును. వైఫైని ఆపి మరల వేయుదురు. యాప్‌ను తొలగించి మరల ఎక్కింతురు. రౌటరు తీగను పెరికి మరల గ్రుచ్చుదురు. కంటబడిన అమరికనెల్ల మార్చివేయుదురు. ఇన్నిటి నడుమ బంధము కుదిరినను, ఏ చర్యవలన కుదిరినదో తెలియదు గనుక, మరునాడు అదే చిక్కు తలెత్తినప్పుడు మరల మొదటినుండియు ఆరంభింపవలసివచ్చును. కుదరనిచో, మార్చిన అమరికలన్నియు కొత్త చిక్కులై పాతదానికి తోడగును. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే: బాగుచేయ పూనుకొనుటకు ముందు తెగిన చోటును కనుగొనవలెను. అది తెలిసిన పిమ్మట మరమ్మతు తరచుగా ఒకటి రెండు నిమిషముల పని; తెలియనిచో పూట గడచినను పని కాదు.

ఇంత చిన్న సంగతికి ఒక అధ్యాయమేల అని చదువరి అడుగవచ్చును. బిరుదురాజు రామరాజుగారు ఈ విశ్వవిద్యాలయమునందే తెలుగు జానపద గేయ సాహిత్యమును పరిశోధించిన నాళ్లలో సేకరణమునకు కాగితమే ప్రధానాధారము. నేడు అదే సేకరణము మొదట ఫోనునందు పుట్టి, కంప్యూటరునందు క్రమబద్ధమై, పిదప సిద్ధాంతగ్రంథమగుచున్నది. ఈ రెంటి నడిమి దారి తెగినచో సేకరణము ఫోనునందే చిక్కుకొనును. ఫోను పోయినచో దానితోపాటు నెలల తరబడి పడిన శ్రమయు పోవును. కావున ఈ బంధమును కాపాడుకొనుట సౌకర్యమునకై కాదు, శ్రమఫలమును దక్కించుకొనుటకై అని గ్రహింపవలెను.

యాప్ నడచు దారి

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఈ యాప్ కంప్యూటరును ఏ దారిన చేరుచున్నదనునది. పైకి ఒకే విధముగా కనుపించు యాప్‌లు లోపల మూడు వేర్వేరు దారులలో నడచుచుండును.

మొదటిది ఇంటర్నెట్టు దారి. వాట్సాప్ వెబ్ దీనికి అందరెరిగిన ఉదాహరణము. ఇందు ఫోనును కంప్యూటరును ఒకే వైఫైపై ఉండనక్కరలేదు. ఒకటి తార్నాకలోను మరొకటి వరంగల్లులోను ఉన్నను, దూరముననున్న సర్వరు ద్వారా సందేశములు రెంటికిని అందును. ఒక ఖాతాకు ఫోను గాక 4 పరికరములవరకు జతపరచుకొనవచ్చును. కాని ఆ ఫోనును 14 దినములకు మించి వాడకున్నచో జతపరచిన పరికరములు తమంతట తామే వేరుపడును. ఇట్టి యాప్ మొరాయించినప్పుడు వైఫై పేర్లను సరిచూచుచు కూర్చుండుట వ్యర్థము. రెండు పరికరములకును ఇంటర్నెట్టు అందుచున్నదా, ఖాతా జత నిలిచియున్నదా, కంప్యూటరున తేదీయు సమయమును సరిగా ఉన్నవా అని చూడవలెను. పాత కంప్యూటరుల లోపలి చిన్న బ్యాటరీ సన్నగిల్లినప్పుడు తేదీ ఏండ్ల వెనుకకు పోవుట కలదు. తేదీ తప్పిన కంప్యూటరు సర్వరుల భద్రతాపత్రములను చెల్లనివిగా ఎంచి వానితో సంభాషింప నిరాకరించును.

రెండవది స్థానిక నెట్‌వర్క్ దారి. కేడీఈ కనెక్ట్, లోకల్‌సెండ్ వంటి యాప్‌లు ఈ తరగతికి చెందినవి. వీనికి ఇంటర్నెట్టుతో నిమిత్తము లేదు; ఆనాటి డేటా అంతయు అయిపోయినను ఇవి చక్కగా పనిచేయును. కాని రెండు పరికరములును ఒకే నెట్‌వర్క్‌నందుండి, ఒకదానినొకటి నేరుగా పలుకరింపగలిగియుండవలెను. మూడవది బ్లూటూత్ దారి. దానికి రౌటరే అక్కరలేదు, సామీప్యమును పూర్వపరిచయమును ఉన్న చాలును.

కొన్ని యాప్‌లు ఈ దారులను కలిపి వాడుకొనును. మైక్రోసాఫ్ట్‌వారి ఫోన్ లింక్ ఆండ్రాయిడ్ ఫోనులోని సందేశములను చూపుటకు ఖాతాను, ఇంటర్నెట్టును ఆశ్రయించును. ఫోను కాల్స్‌ను కంప్యూటరులో వినిపించుటకు బ్లూటూత్‌ను ఆశ్రయించును. కావున సందేశములు వచ్చుచు కాల్స్ మాత్రము రాకున్నచో, యాప్‌ను తొలగించుటకు తొందరపడక, ముందుగా బ్లూటూత్ జతను పరీక్షింపవలెను. ఏది పనిచేయుచున్నదో గమనించినవాడే ఏది తెగినదో చెప్పగలడు. పనిచేయనిదానిపైననే దృష్టి నిలిపి, పనిచేయుచున్నదానిని పట్టించుకొనకుండుట మనలో పెక్కుర అలవాటు. దానిని మార్చుకొనుటయే ఈ విద్యయందు తొలి అభ్యాసము.

ఇంటర్నెట్టు దారియందు చిక్కులు కొద్ది. స్థానిక దారియందు అవి మెండు. అందు ఫోనునుండి కంప్యూటరునకు పోవు మాట నాలుగు లంకెలను దాటవలెను. అల, చిరునామా, పరిచయము, అనుమతి అను ఈ నాలుగింటిని ఈ క్రమముననే పరీక్షింపవలెను. ఏలయనగా ముందు లంకె తెగియున్నంతకాలము వెనుకదానిని పరీక్షించుట నిష్ప్రయోజనము.

మొదటి లంకె: అల

1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తా టౌన్ హాలునందు విద్యుదయస్కాంత తరంగములను గోడలగుండ పంపి, అవతల గదిలోని గంటను మ్రోగించి చూపెను. గోడను దాటు శక్తి తరంగమునకు కలదు. కాని ఎంతటి గోడను ఎంతవరకు దాటగలదనునది గోడయొక్క పదార్థముపైనను తరంగముయొక్క పౌనఃపున్యముపైనను ఆధారపడియుండును. మన వైఫై ముఖ్యముగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అను రెండు పట్టీలలో నడచును. మొదటిది వేగమున తక్కువైనను గోడలను మెరుగుగా దాటును. రెండవది వేగమైనది గాని గోడ అడ్డుపడినంతనే త్వరగా క్షీణించును. 1939లో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఆర్ట్స్ కళాశాల వంటి దిట్టమైన రాతి కట్టడములయందు, ఒక గదిలో నిండుగా కనుపించిన వైఫై గీతలు ప్రక్క గదిలో అడుగంటుటకు కారణమిదియే. అట్టి చోట రౌటరున్న గదిలోనికి రెండు పరికరములను కొనిపోయి మరల ప్రయత్నించుట తొలి పరీక్ష. అచ్చట కుదిరినచో దోషము యాప్‌నందు లేదు, గోడయందున్నది.

తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి ప్రాంతముల అపార్ట్‌మెంటులలోను హాస్టళ్లలోను వేరొక చిక్కు కలదు. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో నియమములు వెలువడినవి. 5 గిగాహెర్ట్జ్ పట్టీయందలి విస్తృతభాగమునకు అట్టి స్వేచ్ఛ 2018లో లభించినది. స్వేచ్ఛ అందరికిని లభించినందున మొదటి పట్టీయందు ఇరుగుపొరుగుల రౌటర్లన్నియు గుమిగూడియున్నవి. ఆ పట్టీలో మనకు 13 ఛానెళ్లున్నను, ఒక్కొక్క ప్రసారము ఇంచుమించు నాలుగు ఛానెళ్ల వెడల్పును ఆక్రమించును గనుక, ఒకదానిపై ఒకటి పడక నడచుటకు సామాన్యముగా ఎంచుకొనునవి 1, 6, 11 అను మూడే. బ్లూటూతును, వంటింటి మైక్రోవేవ్ పొయ్యియు ఈ పట్టీనే పంచుకొనుచున్నవి. మైక్రోవేవ్ నడచుచుండగా మాత్రము ఫైలు నిలిచిపోవుట, సాయంకాలము అందరును గదులకు చేరిన వేళ మాత్రము బంధము తెగుట, ఇట్టి కాలనియమము కనుపించినచో కారణము అలయందే ఉన్నదని నిశ్చయించి, రెండు పరికరములకును చేతనైనచో 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మారవలెను. ఫోను ఒక పట్టీయందును కంప్యూటరు మరొక పట్టీయందును ఉన్నను, రౌటరు ఒక్కటియే అయినచో సామాన్యముగా బాధ లేదు. ‘గెస్ట్’ అను పేరుగల నెట్‌వర్క్ మాత్రము వేరుగా నుండునట్లు ఏర్పరుపబడినదని మరువరాదు.

బ్లూటూత్‌ను గూర్చి ఒక సూక్ష్మము చెప్పవలసియున్నది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కులును, వాని తీగలును పనిచేయునప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీయందు రొద పుట్టించును. పరిశోధకులు ల్యాప్‌టాప్‌నకు హార్డ్ డిస్కును తగిలించి ఫైళ్లను నకలు చేసుకొనుచుండగా బ్లూటూత్ తడబడినచో, డిస్కును జరిపియో, నకలు ముగియువరకు ఆగియో చూడవలెను.

రెండవ లంకె: చిరునామా

అల బలముగా ఉన్నచో తరువాతి ప్రశ్న, రెండు పరికరములును ఒకే నెట్‌వర్క్‌నకు చెందిన చిరునామాలను పొందినవా అనునది. ఫోనులో వైఫై అమరికలను తెరచి, జతయైయున్న పేరుపై నొక్కినచో ఐపీ చిరునామా కనుపించును. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞను టైపు చేసినచో అదియు తన చిరునామాను తెలుపును. ఒకదానికి 192.168.1.5 అనియు, రెండవదానికి 192.168.1.9 అనియు ఉన్నచో, ఇండ్లలోను హాస్టళ్లలోను వాడు చిన్న రౌటర్ల విషయమున అవి ఒకే నెట్‌వర్క్‌నందున్నవని చెప్పవచ్చును. కంప్యూటరునకు 169.254తో మొదలగు చిరునామా వచ్చినచో, దానికి రౌటరునుండి చిరునామాయే అందలేదనియు, అది తనకు తానే ఒకటి కల్పించుకొన్నదనియు అర్థము. అప్పుడు ఆ కంప్యూటరును వైఫైనుండి విడదీసి మరల కలిపిన తరచుగా చాలును. యాప్ జోలికి పోనక్కరలేదు.

ఒక చిరునామా 192.168.1తోను, మరొకటి 192.168.0తోను మొదలైనచో, అది తార్నాక హాస్టళ్ల వంటి తావులలో ఏర్పడుటకు ఎంతయు అవకాశము గల స్థితి. కింది అంతస్తున ఇంటర్నెట్టు కంపెనీవారి రౌటరు ఉండును. పై అంతస్తునకు అల అందదని యజమాని మరొక రౌటరును కొని, కింది రౌటరు తీగను దాని ‘వాన్’ రంధ్రమున గ్రుచ్చును. అంతటితో పై రౌటరు తన క్రింద ఒక ప్రత్యేక నెట్‌వర్క్‌ను సృష్టించుకొనును. పేరును పాస్‌వర్డును ఒకటే ఉంచినచో, ఫోను పై రౌటరును, ల్యాప్‌టాప్ కింది రౌటరును పట్టుకొని, చూపరికి మాత్రము ఒకే వైఫైపై ఉన్నట్లు భ్రాంతి కలిగించును. రెంటికిని ఇంటర్నెట్టు నిక్షేపముగా వచ్చుచుండును. అవి మాత్రము ఒకదానికొకటి కానరావు. దీనికి శాశ్వతమైన మందు, రెండవ రౌటరును ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతికి మార్చుట. అది చేయదగినవాడు యజమాని. అతనికి ఈ కారణమును రెండు వాక్యములలో వివరించి చెప్పగల విద్యార్థి, ఆ హాస్టలున నివసించు వారందరికిని ఉపకారము చేసినవాడగును.

చిరునామా విషయమున ఫోను చేయు మరొక పని కలదు. వైఫైయందు ఇంటర్నెట్టు మందగించినచో చాల ఫోన్లు మనకు చెప్పకయే మొబైల్ డేటాకు మారిపోవును. పరీక్షించునంతసేపు మొబైల్ డేటాను ఆపివేయుట మంచిది. ఫోనునగాని కంప్యూటరునగాని వీపీఎన్ నడచుచున్నచో దానిని కూడ ఆపి చూడవలెను. అది స్థానికమైన మాటలను సైతము వేరొక దారికి మళ్లింపవచ్చును.

మూడవ లంకె: పరిచయము

చిరునామాలు సరిగా ఉన్నను యాప్ తెరపై కంప్యూటరు పేరు కానరాకపోవచ్చును. యాప్ మొదట నెట్‌వర్క్ అంతటికిని వినబడునట్లు ‘ఇక్కడ ఎవరున్నారు’ అని పిలుచును. కంప్యూటరు ఆ పిలుపునకు బదులిచ్చినప్పుడే దాని పేరు జాబితాకు ఎక్కును. ఇట్టి పిలుపులకు వాడుకలో నున్న పద్ధతులలో ఒకటి 5353 సంఖ్యగల పోర్టుపై నడచును. ఈ పిలుపులు ఒక నెట్‌వర్క్ హద్దును దాటి మరొకదానిలోనికి సామాన్యముగా పోవు. అంతేగాక, పెద్ద సంస్థల వైఫైలయందు ఒకరి పరికరము మరొకరి పరికరమును చేరరాదని బుద్ధిపూర్వకముగా నిషేధించుట కద్దు. హాస్టలున ప్రతి విద్యార్థికిని వీధి గుమ్మమునకు పోవు దారి తెరచియుంచి, ఒక గదినుండి మరొక గదికి పోవు తలుపును మాత్రము మూసియుంచినట్లు, ప్రతి పరికరమును ఇంటర్నెట్టునకు పోనిచ్చి, తమలో తాము కలియకుండ చేయు ఏర్పాటిది. దీనిని ‘క్లయింట్ ఐసొలేషన్’ అందురు.

ఈ ఏర్పాటును దోషమని తలచుట పొరపాటు. వేలకొలది అపరిచితులు ఒకే నెట్‌వర్క్‌ను పంచుకొను విద్యాలయమున, ఒకరి ల్యాప్‌టాప్‌నకు సోకిన వైరసు మరొకరిదానికి ప్రాకకుండుటకు, ఒకరి ఫైళ్లలోనికి మరొకరు తొంగిచూడకుండుటకు ఇది రక్షణ. నాకు అసౌకర్యమైనది నా తోటివారికి కవచమైయుండవచ్చునను ఊహ సాంకేతిక విషయములయందే గాక సామాజిక జీవితమునందును మనకు మేలు చేయును. కనుక ఐసొలేషన్ ఉన్నదని తేలినచో దానిని ఛేదించు ఉపాయములు వెదకరాదు. వేరొక దారిని ఎంచుకొనవలెను.

ఐసొలేషన్ ఉన్నదో, పిలుపు మాత్రమే వినబడకున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. కంప్యూటరులోని కమాండ్ ప్రాంప్ట్‌నందు పింగ్ అను ఆజ్ఞ వ్రాసి, ప్రక్కన ఫోను చిరునామాను వ్రాసి చూడవలెను. బదులు వచ్చినచో దారి తెరచియున్నదనియు, పిలుపు మాత్రమే అందుటలేదనియు తెలియును. అప్పుడు కేడీఈ కనెక్ట్‌లోను లోకల్‌సెండ్‌లోను ఉన్న వీలును ఉపయోగించి, అవతలి పరికరపు చిరునామాను స్వయముగా టైపు చేయవచ్చును. జాబితాలో కానరాని పరికరము దీనితో చేతికందుట కలదు. పింగ్‌నకు బదులు రానంతమాత్రమున దారి లేదని నిశ్చయింపరాదు. కొన్ని పరికరములు పింగ్‌ను మాత్రమే నిరాకరించును. అది తేల్చునది ఇకముందు చెప్పబోవు నిర్ణాయక పరీక్ష.

నాలుగవ లంకె: అనుమతి

అలయు, చిరునామాయు, పరిచయమును కుదిరిన పిమ్మట మిగులునది అనుమతి. విండోస్ ప్రతి నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అనియో ‘ప్రైవేట్’ అనియో లెక్కించును. పబ్లిక్ అని ఎంచిన చోట అది తన్ను తాను దాచుకొని, బయటినుండి వచ్చు పిలుపులను ఫైర్‌వాల్ ద్వారా త్రోసిపుచ్చును. యాప్‌ను తొలిసారి తెరచినప్పుడు ఫైర్‌వాల్ అడిగిన ప్రశ్నకు తొందరలో ‘క్యాన్సిల్’ నొక్కినవారికి, ఆ క్షణమునుండి యాప్ మూగయగును. తన ఇంటి వైఫై అయినచో దానిని ప్రైవేట్‌గా మార్చుట యుక్తము. విద్యాలయమునందును, హాస్టలునందును అట్లు చేయరాదు. ఫైర్‌వాల్‌ను సమూలముగా ఆపివేయుట ఎచ్చటను పనికిరాదు. ఫైర్‌వాల్ అమరికలలో ఆ యాప్ ఒక్కదానికే అనుమతి నీయవలెను. పోర్టు సంఖ్య అడిగినచో, కేడీఈ కనెక్ట్ 1714నుండి 1764వరకు గల పోర్టులను, లోకల్‌సెండ్ 53317 పోర్టును వాడుకొనుచున్నవని తెలిసియుండుట మేలు.

అనుమతులు ఫోనునందును కలవు. ఐఫోనులో 2020లో వచ్చిన ఐఓఎస్ 14నుండి స్థానిక నెట్‌వర్క్‌ను చేరుటకు ప్రతి యాప్ మన అనుమతి అడుగుచున్నది. ఒకసారి కాదన్నచో ఆ యాప్ మరల అడుగక నిశ్శబ్దముగా విఫలమగుచుండును, సెట్టింగులలోనికి పోయి మనమే దానిని ఇయ్యవలెను. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీని ఆదా చేయు ఏర్పాటు, తెర ఆరిన కొంతసేపటికి యాప్‌ను నిద్రపుచ్చును. తెర వెలుగుచున్నంతవరకు బంధము నిలిచి, ఆరిన పిమ్మట తెగుచున్నచో కారణము ఇదియే. ఆ యాప్ ఒక్కదానికి బ్యాటరీ ఆంక్షను సడలించిన చాలును.

పరికరపు గుర్తింపు సంఖ్యను నమోదు చేసికొని మాత్రమే లోనికి అనుమతించు నెట్‌వర్క్‌లు కొన్ని కలవు. 2019నాటి ఆండ్రాయిడ్ 10నుండియు, ఐఓఎస్ 14నుండియు ఫోన్లు గోప్యతకొరకు ప్రతి వైఫైకిని ఒక కల్పిత గుర్తింపు సంఖ్యను చూపుచున్నవి. నమోదైన సంఖ్య ఒకటి, చూపు సంఖ్య మరొకటి అయినప్పుడు ఫోనునకు ప్రవేశము లభింపదు. ఆ ఒక్క నెట్‌వర్క్‌నకు అసలు సంఖ్యను చూపునట్లు వైఫై అమరికలలో మార్చుకొనవచ్చును.

ఇన్నియు సరిగా ఉండి పాత జత మాత్రమే మొండికేసినచో, రెండు వైపులనుండియు జతను తొలగించి కొత్తగా జతపరచవలెను. ఒకవైపు మాత్రమే తొలగించుట చాలదు. రెండవ పరికరము పాత రహస్య సంకేతమునే పట్టుకొని కూర్చుండును. జతపరచునప్పుడు రెండు తెరలపై కనుపించు సంకేతము ఒక్కటియే అని సరిచూచుకొనుట, ముఖ్యముగా పదిమంది కూర్చున్న గ్రంథాలయమున, అవశ్యకర్తవ్యము.

నిర్ణాయక పరీక్ష

వేళ తక్కువగా ఉండి నాలుగు లంకెలను వరుసగా పరీక్షించు తీరిక లేనివారికి, దోషము నెట్‌వర్క్‌నందున్నదో పరికరములయందున్నదో ఒక్క దెబ్బతో తేల్చు పరీక్ష యొకటి కలదు. ఫోనులో హాట్‌స్పాట్‌ను తెరచి కంప్యూటరును దానికి కలుపవలెను; లేక విండోస్ కంప్యూటరులోని ‘మొబైల్ హాట్‌స్పాట్’ను తెరచి ఫోనును దానికి కలుపవలెను. ఈ రెండవ పద్ధతిలో కంప్యూటరు చిరునామా సాధారణముగా 192.168.137.1 అగును. ఇప్పుడు నడుమ రౌటరు లేదు, రెండవ రౌటరు లేదు, ఐసొలేషన్ లేదు. ఈ స్థితిలో యాప్ పనిచేసినచో ఫోనును, కంప్యూటరును, యాప్‌ను నిర్దోషులుగా ఎంచవచ్చును, తెగినది నెట్‌వర్క్‌నందే. ఇప్పుడును పనిచేయనిచో నెట్‌వర్క్‌ను నిందించుట మాని ఫైర్‌వాల్, అనుమతులు, జత అను మూడింటిని శోధింపవలెను.

ఈ పద్ధతి పరీక్షకే గాక పనికిని ఉపకరించును. ఐసొలేషన్ గల ఆవరణమున ఎవ్వరి నియమమును అతిక్రమింపక ఫైళ్లను మార్చుకొనుటకు హాట్‌స్పాట్ సక్రమమైన దారి. ఫోనునుండి కంప్యూటరునకు నేరుగా పోవు ఫైలునకు మొబైల్ డేటా ఖర్చు కాదు; కాని ఫోను హాట్‌స్పాట్‌ను పట్టుకొన్న కంప్యూటరు మన కన్నుగప్పి అప్‌డేట్లను దించుకొనవచ్చును గనుక, ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తించియుంచవలెను. అన్నియు విఫలమైన నాడు, లేక రేపు ఉదయము సిద్ధాంతగ్రంథమును సమర్పింపవలసిన నాడు, పంతమునకు పోక యూఎస్‌బీ తీగను వాడవలెను. తీగ కలిపినను ఫోను కనుపింపనిచో, ఫోను తెరపై వచ్చు సూచనలో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనుదానిని ఎంచుకొనవలెను. అప్పటికిని కనుపింపనిచో ఆ తీగ ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు రకమైయుండవచ్చును.

పదిమందితో పంచుకొను నెట్‌వర్క్‌నందలి మర్యాద

విసుగుచెందిన విద్యార్థి ఒక్కొక్కప్పుడు తన సొంత రౌటరును తెచ్చి గదిలోని లేదా ప్రయోగశాలలోని నెట్‌వర్క్ రంధ్రమున గ్రుచ్చును. తీగ ‘వాన్’ రంధ్రమున గాక పొరపాటున ‘లాన్’ రంధ్రమున పడినచో, ఆ రౌటరు చుట్టుప్రక్కల కంప్యూటరులకు తానే చిరునామాలను పంచిపెట్టసాగును. తత్ఫలితముగా ఆ వరుసలోని వారందరి ఇంటర్నెట్టు కారణము తెలియక నిలిచిపోవచ్చును. తన ఒక్కని సౌకర్యమునకై చేసిన పని పదిమంది పనిని చెరుపుట ఇట్లు జరుగును. అనుమతి లేక ఇట్టి పనికి పూనుకొనరాదు.

అందుకు మారుగా, నెట్‌వర్క్ నిర్వాహకులకు చక్కని విన్నపము వ్రాయుట నేర్వవలెను. ‘వైఫై పనిచేయుటలేదు’ అను మాటవలన వారికి ఏమియు తెలియదు. ఏ భవనమున, ఏ గదిలో, ఏ వేళ, ఏ పరికరముతో, ఏ చిరునామాతో ఉండగా ఏమి జరిగినదో, హాట్‌స్పాట్‌పై ఫలితమేమో వ్రాసినచో, చదువువారికి సగము శోధన అప్పటికే ముగిసియుండును. ఇట్టి విన్నపమును వ్రాయగలవాడు రేపు ఉద్యోగమునందును, గృహమునందును తన కష్టమును ఎదుటివారికి బోధపరుపగలవాడగును.

అభ్యాసము

ఒక చిన్న పుస్తకమును ప్రత్యేకించి, చిక్కు తలెత్తిన ప్రతిసారియు ఈ క్రమమును పాటింపుడు.

1. యాప్ నడచునది ఇంటర్నెట్టు దారియో, స్థానిక దారియో, బ్లూటూత్ దారియో వ్రాసికొనుడు.
2. పనిచేయుచున్న సంగతులను ముందును, పనిచేయనివానిని పిదపను వ్రాయుడు.
3. రెండు పరికరములను రౌటరు చెంతకు కొనిపోయి చూడుడు.
4. రెండు చిరునామాలను ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చుడు. మొబైల్ డేటాను, వీపీఎన్‌ను ఆపుడు.
5. పింగ్ చేసి చూడుడు. చిరునామాను స్వయముగా టైపు చేసి చూడుడు.
6. హాట్‌స్పాట్‌పై పరీక్షించి, దోషము నెట్‌వర్క్‌నందో పరికరములందో తేల్చుడు.
7. పరికరములందని తేలినచో ఫైర్‌వాల్, ఫోను అనుమతులు, బ్యాటరీ ఆంక్ష, జత అను వరుసలో పోవుడు.

ఒక్కొక్కసారి ఒక్క మార్పునే చేయుడు. మార్పు ఫలింపనిచో దానిని పూర్వస్థితికి తెచ్చిన పిమ్మటనే రెండవదానికి పోవుడు. ఇది తార్నాకనుండి ఉప్పలు దారివెంట వెలసిన శాస్త్రపరిశోధనా సంస్థల ప్రయోగశాలలయందు ఏ శాస్త్రవేత్తయైనను పాటించు నియమమే. రెండు మార్పులను ఒకేసారి చేసినవాడు ఫలితమును పొందవచ్చునేమో గాని జ్ఞానమును పొందజాలడు. ఈ నియమము కంప్యూటరుతోనే ముగిసిపోవునది కాదు. పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు, మిత్రునితో మాట చెడినప్పుడు, చేయుచున్న పని ముందుకు సాగనప్పుడు, అన్నిటిని ఒక్కసారి తారుమారు చేయుటకు మనస్సు తొందరపడును. ఆ తొందరను నిలిపి, ఇందు ఏ భాగము సరిగానున్నది, ఏ భాగము తెగినది అని శాంతముగా విడదీసి చూడగల బుద్ధి చిన్న పనులయందు అభ్యసించినవారికే పెద్ద పనులయందు అక్కరకు వచ్చును.

చివరగా చదువరులకు ఒక విన్నపము. మీ గదిలోనో, మీ విభాగమునందో ఎవరికైనను ఈ చిక్కు తలెత్తినప్పుడు వారి ఫోనును మీ చేతిలోనికి తీసికొని నిమిషములో సరిచేసి ఇచ్చివేయకుడు. ప్రక్కన కూర్చుండి, వారి చేతనే ఒక్కొక్క లంకెను పరీక్షింపజేసి, తెగిన చోటును వారి కంటికే కనబరుపుడు. మీ విషయమునను ఇదే నియమమును పాటింపుడు. కారణము తెలియక కుదిరిన బంధమును కుదిరినదిగా లెక్కింపకుడు; కారణమును ఒక వాక్యమున వ్రాసికొనిన పిమ్మటనే ఆ పని ముగిసినదని ఎంచుడు.